ఆ పూట ఏం జరిగిందో చెప్పండి

పిల్లల ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, డాక్టరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే సంగతి మీద ఉన్నాయి. పిల్లలు నోట్లో వేసుకున్నవి గొంతులోనో, ఛాతీలోనో, కడుపులోనో చిక్కుకోవడం. కాలం కూడా అలాంటిదే. సంక్రాంతికి ఇంటింటా పల్లీలు, నువ్వులు, రేగుపండ్లు. ఇల్లంతా చుట్టాలే. పిల్లల మీద అందరి కళ్లూ ఉన్నట్టే ఉంటుంది గాని ఎవరి కన్నూ ఉండదు. టాన్సిల్స్, చెవిపోటు ఉత్తరాలు పంపినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి. ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరమ్మా, మాది నర్సంపేట దగ్గర పల్లె. మా చిన్నోనికి ఇరవై రెండు నెలలు. పండుగ ముందట ఇంట్ల పల్లీలు వేంచి పొట్టు తీస్తున్నం. మా పెద్దోడు, ఆరేండ్లోడు, వాన్ని ఉరికిస్తుండు. చిన్నోడు నవ్వుకుంట ఉరికొచ్చి చాటల నుంచి గుప్పెడు పల్లీలు నోట్లె పోసుకున్నడు. ఒక్కసారిగ దగ్గు. మొకం ఎర్రగయ్యింది, కండ్లల్ల నీళ్లు. మా అత్తమ్మ ‘పొరబోయింది, ఎవరో తలుసుకుంటున్నరు’ అని మాడు మీద తట్టింది. ఐదు నిమిషాలకు మంచిగైండు, మల్ల ఆడుకున్నడు. ఆ రాత్రి నుంచి దగ్గు. నాలుగో రోజు జ్వరం. ఊర్ల డాక్టరు సిరప్ ఇచ్చిండు. పట్నంల పిల్లల దవాఖానల నెబ్యులైజర్ పెట్టిన్రు, ఎక్స్‌రే తీసి నార్మల్ అన్నరు. పన్నెండు రోజులైంది. ఛాతిల పిల్లిగూత తగ్గలే. పల్లీల ముచ్చట డాక్టర్ సార్‌కు చెప్పలే. అత్తమ్మ బాధపడతదని. ఇది అదేనా?

జవాబు: అదే అమ్మా. మీ ఉత్తరం చదివిన గంటలోనే పత్రిక ఆఫీసు వాళ్లతో మీకు ఫోన్ చేయించాను. ఇలాంటిదానికి అచ్చయ్యే దాకా ఆగి జవాబు చెప్పకూడదు. మీరు తెల్లవారే బాబును ఎత్తుకొని బయల్దేరారు. మత్తు ఇచ్చి బ్రాంకోస్కోపీ, అంటే గాలిగొట్టంలోకి సన్నని గొట్టం దింపి చూడటం, చేస్తే కుడి ఊపిరితిత్తిలోకి పోయే గొట్టంలో పల్లి బద్ద ఒకటి దొరికింది. మూడో రోజు ఇంటికి తెచ్చుకున్నారు. మీరు సరేనన్నాకే మీ ఉత్తరం ఇక్కడ వేస్తున్నాం. మీ ఒక్క ఉత్తరంలో ఎన్ని ఇళ్లు ఉన్నాయో మీకు తెలియదు.

మీరు రాసిన ‘ఐదు నిమిషాలకు మంచిగైండు’ అన్న మాట దగ్గరే చాలామంది మోసపోతారు. గింజ గాలిగొట్టంలోకి జారగానే శరీరం గట్టిగా తిరగబడుతుంది. దగ్గు, ఉక్కిరిబిక్కిరి, కళ్లనీళ్లు. అది ఇంకా కిందికి జారి ఒక పక్క గొట్టంలో కూర్చున్నాక గొంతులోని ఆ గోల ఆగిపోతుంది. పిల్లవాడు ఆడుకుంటాడు, అన్నం తింటాడు, నిద్రపోతాడు. గింజ బయటికి వచ్చిందని మనం అనుకుంటాం. లోపల అది తన పని మొదలుపెడుతుంది. పల్లీ నూనె గింజ. ఆ నూనెకు గొట్టం లోపలి పొర వాచిపోతుంది. తడికి గింజ కూడా ఉబ్బుతుంది. నాలుగైదు రోజులకు జ్వరం, తరవాత నిమ్ము. అప్పటికి ‘పొరబోయిన’ సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు.

ఎక్కువగా కుడివైపే దొరకడానికీ కారణం ఉంది. గాలిగొట్టం కిందికి వచ్చి రెండుగా చీలే చోట కుడి కొమ్మ కొంచెం వెడల్పు, కొంచెం నిటారు. ఎడమది పక్కకు వంగి పోతుంది. పై నుంచి జారినదానికి కుడిదే సులువైన దారి. ఎడమకు పోవని కాదు, పోతాయి.

మరి ఎక్స్‌రే నార్మల్ ఎలా వచ్చింది? నాణెం, సూది, బ్యాటరీ అయితే ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తాయి. పల్లి, పుట్నాలు, మక్కగింజ, సీతాఫలం గింజ, చింతగింజ, వక్కముక్క కనపడవు. వాటి గుర్తులు మాత్రమే దొరకవచ్చు. గింజ గొట్టానికి సగం మూతలా కూర్చుంటే గాలి లోపలికి పోతుంది గాని బయటికి సరిగ్గా రాదు, ఆ పక్క ఊపిరితిత్తి ఉబ్బుతుంది. గాలి వదిలినప్పుడు తీసిన ఎక్స్‌రేలో అది బాగా తెలుస్తుంది. ఏడుస్తున్న రెండేళ్ల పిల్లవాడితో ‘గాలి వదిలి ఆగు నాన్నా’ అని ఎవరు చేయించగలరు? అనుమానం బలంగా ఉండి ఎక్స్‌రే బాగున్నా, డాక్టర్లు కొన్నిసార్లు సీటీ తీస్తారు, కొన్నిసార్లు నేరుగా బ్రాంకోస్కోపీకే పోతారు. ఆ అనుమానం పుట్టించేది యంత్రం కాదు. ‘సార్, పల్లీలు తినుకుంట ఉరికిండు, ఒక్కసారి దగ్గిండు’ అన్న మాట. ఆ మాట మీ దగ్గరుంది, డాక్టర్ దగ్గరికి చేరలేదు. ఆయనకు దగ్గు, పిల్లిగూత, జ్వరం మాత్రమే చూపించారు. ఆయన వాటికి మందు ఇచ్చారు.

నేనూ ఒకసారి ఆ పొరపాటు చేసిన డాక్టర్నే. 1990ల్లో, నేను ఈఎన్‌టీ చదువుతున్న రోజులు. ములుగు వైపు నుంచి నాలుగేళ్ల పిల్లవాడు వచ్చేవాడు. రెండు నెలలుగా దగ్గు, మధ్య మధ్య జ్వరం. అప్పటికే ఒకచోట నిమ్ము అన్నారు, ఇంకోచోట క్షయ మందులు మొదలుపెట్టారు. నేను అతణ్ణి రెండుసార్లు చూశాను. రెండుసార్లూ గొంతు చూశాను, ఛాతీ విన్నాను, కాగితాలు చదివాను. ఏం తింటున్నప్పుడు మొదలైందని అడగలేదు. మూడోసారి వాళ్ల నాన్నతోపాటు ఎనిమిదేళ్ల అక్క వచ్చింది. తండ్రి చీటీ రాయించుకోవడానికి వరుసలో నిల్చుంటే ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చి చిన్నగా అంది: ‘నేనే సీతాఫలం పెట్టిన. గింజ మింగిండు. బాపుకు చెప్పకు.’ దసరాకు తిన్న సీతాఫలం. అప్పుడు డిసెంబరు. గింజ తీశాం, పిల్లవాడు బతికాడు. అప్పటికే కింది భాగం చీము పట్టి పాడైపోయి, తరవాత ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేయాల్సి వచ్చింది. ఆ పిల్ల రెండు నెలలు ఆ సంగతిని ఒంటరిగా మోసింది. నేను అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేది.

అప్పటి నుంచి ఎవరి పిల్లవాడు దగ్గుతో వచ్చినా ఇంట్లోని అన్నలను, అక్కలను పక్కకు పిలిచి మెల్లగా అడుగుతాను. నానమ్మలను, అమ్మమ్మలను కూడా. వాళ్లు చూసినదాన్ని మించిన పరీక్ష నాకు ఈ ముప్ఫై ఏళ్లలో దొరకలేదు.

మీ పెద్దోడిని ‘నీవల్లే’ అని ఎవరూ అనకండి. మీ అత్తమ్మను కూడా. మాడు మీద తట్టడం మన ఇళ్లలో తరాల నుంచి ఉన్నదే, ఆమె ప్రేమతోనే తట్టింది. అయితే ‘ఎవరో తలుసుకుంటున్నరు’ అనుకున్న తరవాత ఇంకొక్క పని చేద్దాం. నోట్లో గింజ ఉన్నప్పుడు ఉన్నట్టుండి దగ్గు పట్టిన పిల్లవాణ్ణి, దగ్గు ఆగినా సరే, ఆ రోజే డాక్టర్‌కు చూపించి జరిగింది జరిగినట్టు చెబుదాం. ఒకవైపే పిల్లిగూత, మందులకు తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చే నిమ్ము, అదీ ఎప్పుడూ ఒకే పక్క వచ్చేది అయితే, ‘గింజ ఉందేమో చూడండి’ అని మీరే నోరు తెరిచి అడగండి. పిల్లలకు బ్రాంకోస్కోపీ చేసే డాక్టర్, చిన్నపిల్లలకు మత్తు ఇవ్వడం అలవాటున్న డాక్టర్ ఇద్దరూ ఉన్నచోటికే పోవాలి. బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఆరోగ్యశ్రీ సంగతి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. దారిలో ఏమీ తినిపించకండి, మత్తుకు ఖాళీ కడుపు కావాలి.

ఒక్క మాట. గాలిగొట్టంలోకి గొట్టం దింపి చిక్కుకున్నదాన్ని మొదటిసారి తీసింది 1897లో, జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో గుస్తావ్ కిలియన్ అనే డాక్టర్. ఒక రైతు ఛాతీలో నుంచి పంది ఎముక ముక్క తీశాడు. ఆ తరవాత అమెరికాలో షెవలియర్ జాక్సన్ అనే ఆయన ఇలా మింగినవి, పీల్చినవి 2,374 దాచిపెట్టాడు. ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో అవి ఇప్పటికీ సొరుగుల్లో ఉన్నాయి. గుండీలు, పిన్నీసులు, గింజలు, బొమ్మల ముక్కలు. మన ఇళ్లలో ఉన్నవే.

ప్రశ్న: నేను భూపాలపల్లిల సింగరేణి నుంచి రిటైరైన. బాయిల పనిచేసినప్పుడు ఫస్ట్ ఎయిడ్ నేర్చుకున్నోన్నే. అయినా మా పక్కింటి పిల్లగానికి ద్రాక్షపండు గొంతుల వడితే నాకు కాళ్లు చేతులు ఆడలే. ఒకలు నోట్లె వేలు పెట్టిన్రు, ఒకలు కాళ్లు వట్టి తలకిందులు చేసిన్రు, ఒకలు నీళ్లు తాపిన్రు. దేవుని దయ, పండు బయటపడ్డది. అసలు ఏం చేయాలె?

జవాబు: అన్నా, మొదట చూడాల్సింది ఒక్కటే: శబ్దం వస్తోందా? పిల్లవాడు గట్టిగా దగ్గుతున్నాడు, ఏడుస్తున్నాడు అంటే గాలి ఆడుతోంది. అప్పుడు వెన్ను మీద కొట్టొద్దు, నీళ్లు పోయొద్దు, అన్నం ముద్ద పెట్టొద్దు. ముందుకు వంచి కూర్చోబెట్టి ‘దగ్గు బిడ్డా, దగ్గు’ అని పక్కనే ఉండండి. ఆ దగ్గును మించిన మందు లేదు.

శబ్దం ఆగిపోయిందా, నోరు తెరిచినా ఏడుపు రావడం లేదా, పెదవులు నీలంగా మారుతున్నాయా, అప్పుడు క్షణం ఆగొద్దు. ఒకరు 108కు ఫోన్ చేయాలి. స్పీకర్ ఆన్ చేసి పక్కన పెట్టాలి. ఇంకొకరు పని మొదలుపెట్టాలి.

ఏడాది లోపు పాపాయి అయితే మీ ముంజేయి మీద బోర్లా పడుకోబెట్టండి. తల ఛాతీ కన్నా కిందికి ఉండాలి. దవడను చేత్తో పట్టుకోండి గాని గొంతు మీద వేళ్లు పడనీయకండి. రెండు రెక్కల మధ్య, మణికట్టుకు ఆనుకొని ఉండే అరచేతి గట్టి భాగంతో ఐదు దెబ్బలు. గుద్దడం కాదు గాని బలం తెలియాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి, చనుమొనల గీతకు కొంచెం కింద, రొమ్ము ఎముక మీద అదే అరచేతి భాగంతో ఐదుసార్లు నొక్కండి. మళ్లీ బోర్లా ఐదు, మళ్లీ వెల్లకిలా ఐదు. పాపాయి పొట్ట మాత్రం ఎప్పుడూ నొక్కకండి. ఆ వయసులో కాలేయం పెద్దగా, పక్కటెముకల కిందికి దిగి ఉంటుంది, చిట్లిపోవచ్చు.

ఏడాది దాటినవాడికి ముందుకు వంచి వెన్ను మీద ఐదు దెబ్బలు. రాకపోతే వెనక మోకాళ్ల మీద కూర్చోండి, మీ ఎత్తు వాడి ఎత్తుకు రావాలి. బొడ్డుకు పైన, పక్కటెముకలు కలిసే చోటుకు కింద పిడికిలి పెట్టి, రెండో చేత్తో దాన్ని పట్టుకొని లోపలికి, పైకి ఒక్క ఊపున లాగండి. ఐదుసార్లు. 1974లో హెన్రీ హైమ్లిక్ అనే డాక్టర్ లోకానికి చెప్పిన పద్ధతి ఇది. గింజ కింద చిక్కుకున్న గాలిని పంపులా పైకి తోస్తుంది. వెన్ను ఐదు, పొట్ట ఐదు, వచ్చేదాకా లేదా పిల్లవాడు స్పృహ తప్పేదాకా.

స్పృహ తప్పితే గట్టి నేల మీద పడుకోబెట్టి గుండె నొక్కడం మొదలుపెట్టండి. మీరు బాయిల నేర్చుకున్నదే: 30 నొక్కులు, రెండు ఊపిర్లు, నిమిషానికి 100 నుంచి 120 వేగం. ఛాతీ మందంలో మూడో వంతు లోతుకు దిగాలి. ఊపిరి ఊదే ముందు ప్రతిసారీ నోరు తెరిచి చూడండి. కంటికి కనిపిస్తేనే తీయండి.

కంటికి కనపడనిదాని కోసం వేలు పెట్టడమే మనవాళ్లు చేసే అన్నిటికన్నా చెడ్డ పని. వేలు దాన్ని ఇంకా లోపలికి తోస్తుంది. సగం మూసుకున్న దారి పూర్తిగా మూసుకుపోతుంది. వస్తువు బయటపడ్డాక కూడా, పొట్ట నొక్కిన పిల్లవాణ్ణి డాక్టర్ ఒకసారి చూడాలి, లోపల దెబ్బ తగిలి ఉండవచ్చు.

మీకు ఆ రోజు చేతులు ఆడలేదంటే తప్పు మీది కాదు. గనిలో శిక్షణ చేయిస్తారు కాబట్టి గుర్తుండేది. ఇంట్లో ఒక దిండు తీసుకొని మనుమలు చూస్తుండగా నెలకోసారి చేసి చూపించండి. వాడకట్టులో మీరు నేర్పితే వింటారు.

ప్రశ్న: మాది కోరుట్ల. బీడీలు చేస్తాను. నిన్న మధ్యాహ్నం తునికాకు కత్తిరిస్తుంటే పక్కన ఆడుకుంటున్న మా మూడేండ్ల పాప రూపాయి బిళ్ల మింగినట్టుంది. నేను చూడలే. బిళ్ల కనపడలే. పాప బాగనే ఉంది, అరటిపండ్లు తినిపించిన. ఆముదం తాపమంటున్నరు. మెల్లగ అదే పోతదా?

జవాబు: చెల్లీ, ఆముదం వద్దు, అరటిపండ్లూ ఇక చాలు. మీకూ వెంటనే ఫోన్ చేయించాను. పాపకు ఎక్స్‌రే తీయించారు, బిళ్ల కడుపులోకి దిగింది, ఆరో రోజు బయటికి వచ్చింది. మీలాంటి మిగతా తల్లుల కోసం ఇది రాస్తున్నాను.

బిళ్ల మింగిన పిల్ల బాగానే ఉన్నా ఎక్స్‌రే తప్పదు. అది ఎక్కడుందో దాన్నిబట్టి మిగతాదంతా. ఆహార గొట్టంలో ఆగి ఉంటే 24 గంటలు దాటనీయకుండా తీసేస్తారు. సొల్లు కారుతుంటే, ఉమ్మి మింగలేకపోతుంటే, ఊపిరికి కష్టంగా ఉంటే ఆ 24 గంటలు కూడా లెక్కలోకి రావు, వెంటనే తీయాలి. కడుపులోకి దిగితే మామూలు తిండి పెట్టి, మలం చూసుకుంటూ ఉంటే చాలా వరకు కొన్నాళ్లలో తానే వస్తుంది. మధ్యలో కడుపునొప్పి, వాంతులు, మలంలో రక్తం వస్తే మళ్లీ దవాఖానకు.

‘నేను చూడలే’ అని మీరు రాశారే, నన్ను భయపెట్టింది అది. ఎందుకంటే అది బిళ్లే అని ఎవరు చెప్పాలి? 2019లో వచ్చిన కొత్త రూపాయి బిళ్ల వెడల్పు 20 మిల్లీమీటర్లు. సీఆర్2032 అనే గుండీ బ్యాటరీ వెడల్పు కూడా సరిగ్గా 20 మిల్లీమీటర్లే. ఆ పేరులోని 20 అంటే అదే, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. ఎక్స్‌రేలో రెండూ గుండ్రంగానే ఉంటాయి. అంచు దగ్గర రెండు గీతలు, ఒక వలయంలో ఇంకో వలయంలా కనిపిస్తే అది బ్యాటరీ.

బ్యాటరీ అయితే కథే వేరు. గొట్టం తడి గోడకు అంటుకోగానే దాని 3 వోల్టుల కరెంటు ఆ తడిలో పారుతుంది. బ్యాటరీ కారాల్సిన పని లేదు. ఆ కరెంటుకే గోడ దగ్గర కాస్టిక్ సోడాలాంటి క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే ఆహార గొట్టం కాలిపోవడం మొదలవుతుంది. రంధ్రం పడవచ్చు, పక్కనే ఉన్న పెద్ద రక్తనాళానికి అంటుకుంటే ప్రాణమే పోవచ్చు. అందుకే బ్యాటరీ అని అనుమానం వచ్చినా సరే రాత్రా పగలా అని చూడొద్దు. వాంతి చేయించొద్దు. ఏడాది దాటిన పిల్ల అయి, మింగి 12 గంటలు కాకపోతే, మింగగలిగితే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె పట్టించండి, ఆరుసార్ల దాకా. గొట్టం గోడకు కొంత అడ్డుగా ఉంటుంది. తేనె కోసం షాపు వెతుక్కుంటూ ఆలస్యం మాత్రం చేయొద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలు వద్దు. ఇంట్లో అలాంటిదే ఇంకో బ్యాటరీ ఉంటే, లేదా ఖాళీ ప్యాకెట్ ఉంటే, డాక్టర్‌కు చూపించడానికి పట్టుకెళ్లండి.

ఇవి ఎక్కడుంటాయో ఒక్కసారి ఇల్లు తిరిగి చూడండి. చిన్న రిమోట్, కారు తాళం, బరువు తూచే యంత్రం, దీపావళికి కొన్న వెలిగే ప్లాస్టిక్ దీపాలు, జాతరలో కొన్న మెరిసే బొమ్మలు. మూతకు స్క్రూ లేనిది పిల్లలకు ఇవ్వొద్దు. స్క్రూ ఊడితే టేపు చుట్టండి. అయిపోయిన బ్యాటరీని కిటికీ మీద పెట్టొద్దు, అయిపోయిందనుకున్నదానిలో కూడా కాల్చేంత కరెంటు ఉంటుంది. బొమ్మల్లోని చిన్న అయస్కాంత గుండ్లు కూడా అంతే ప్రమాదం. ఒకటి పోతే పోనీ గాని, రెండు మింగితే పేగు రెండు మడతల మీద నుంచి ఒకదాన్నొకటి పట్టుకొని మధ్యలోని పేగును నలిపి తూటు పెడతాయి.

ప్రశ్న: ఏటూరునాగారం దగ్గర అంగన్‌వాడీ టీచర్‌ను. పిల్లలకు ఏవి పెట్టొద్దు? ఇంకొకటి, ఒక పాప ముక్కు ఒక్క పక్క నుంచే చెడు వాసనతో చీమిడి కారుతుంది, నెల రోజులైంది.

జవాబు: ఆ పాప ముక్కులో ఏదో ఉంది, శనగో, స్పాంజి ముక్కో, పూసో. ఒక పక్కే, వాసనతో కారితే జలుబు కాదు. పిన్నుతో, చిమటాతో గెలకకుండా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పంపండి. అప్పుడే పెట్టుకున్నదైతే తల్లి ఒక పని చేయవచ్చు: బాగున్న ముక్కు రంధ్రాన్ని వేలితో మూసి, పిల్ల తెరిచిన నోటి మీద తన నోరు ఆనించి ఒక్కసారి చిన్నగా ఊదడం. చాలాసార్లు గింజ బయటికి తన్నుకొస్తుంది. ఒకటి రెండుసార్లకు రాకపోతే ఆపేయాలి. ముక్కులో పోయింది బ్యాటరీ అయితే అదీ అత్యవసరమే.

తిండి సంగతి. నమిలి పిండి చేసే దవడ పళ్లు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల మధ్య వస్తాయి, వచ్చినా వాటితో సరిగ్గా నమలడం పిల్లలకు నాలుగైదేళ్లకు గాని చేత కాదు. ముందు పళ్లతో పల్లిని రెండు చేస్తారు, ఆ ముక్కే లోపలికి జారుతుంది. అందుకని నాలుగేళ్లు దాటేదాకా గింజ గింజలా పెట్టొద్దు. పల్లీలు దంచి బెల్లంతో మెత్తగా ముద్ద కట్టండి, నెయ్యితోనో పాలతోనో తడపండి, పొడి పొడిగా వద్దు. శనగల గుడాలు మెదిపి పెట్టండి. సర్వపిండి పెడితే అందులోని పల్లి బద్దలు ఏరేయండి. ద్రాక్షపండును నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. మక్కపేలాలు, పచ్చి క్యారెట్ ముక్క, గట్టి చాక్లెట్ బిళ్ల వద్దు. మీ బాలామృతం మెత్తటి పిండి, దానితో ఈ భయం లేదు. కూర్చోబెట్టి పెట్టండి. ఉరుకుతూ, నవ్వుతూ తింటున్నప్పుడే గాలిగొట్టం తెరుచుకొని ఉంటుంది.

జాతర బుడ్డలు, అంటే గాలి బుడగలు, పగిలాక ముక్కలన్నీ ఏరండి. ఆ రబ్బరు ముక్క గొంతుకు అతుక్కుంటే ఏ దెబ్బకూ ఊడదు. బొమ్మల మీద ఐఎస్ఐ గుర్తు 2021 జనవరి నుంచి తప్పనిసరి, చూసి కొనండి. మూడేళ్ల లోపు పిల్లలకు అంగుళంపావు వెడల్పు గొట్టంలో పట్టే చిన్న వస్తువేదీ అందనీయొద్దు.

ప్రశ్న: మాది జనగామ దగ్గర. నా మనుమరాలితోని రాయిస్తున్న. పండుగ తెల్లారి నా చిన్న మనుమనికి రేగుపండు పెట్టిన. గింజతోనే మింగిండు, ఉక్కిరిబిక్కిరైండు. నేనే మా కొడుకును పిలిచి చెప్పిన. రాత్రికి రాత్రే హైదరాబాద్ కొంచపోయిన్రు, గింజ తీసిన్రు, పిల్లగాడు మంచిగున్నడు. గని అప్పటి నుంచి నా కొడుకు, కోడలు పిల్లగాన్ని నా దగ్గర ఉండనిస్తలేరు. నా చెయ్యి సూస్తె నాకే పాపం అనిపిస్తుంది. చెప్పకపోతెనే మంచిగుండెనా డాక్టరమ్మా?

జవాబు: పెద్దమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీకు చెప్పాల్సింది తరవాత. ముందు మీ కొడుకుతో, కోడలితో మాట్లాడతాను, మనుమరాలితో వాళ్లకు చదివించండి.

తమ్ముడూ, అమ్మా, ఆ రాత్రి డాక్టర్లు మీ బాబును ఆలస్యం చేయకుండా మత్తు గదిలోకి తీసుకుపోయారంటే ఎందుకో తెలుసా? ఏం మింగాడు, ఎప్పుడు మింగాడు, ఎలా దగ్గాడు, మూడూ చెప్పగలిగినవాళ్లు మీ ఇంట్లో ఉన్నారు కాబట్టి. రేగు గింజ ఎక్స్‌రేలో కనపడదు. మీ అమ్మ భయపడి ‘ఏం లేదు, పొరబోయింది’ అని ఉంటే ఆ గింజ లోపలే ఉండేది. ఇదే పేజీలో పైన ఒక అక్క సంగతి రాశాను, తండ్రికి భయపడి రెండు నెలలు చెప్పని పిల్ల. మీ అమ్మ రెండు నిమిషాలు కూడా ఆగలేదు. తిట్లు పడతాయని తెలిసే చెప్పింది. మీకు కోపం వచ్చింది, అది నిజమైన భయంలో నుంచి వచ్చిన కోపమే, నేను కాదనను. కానీ ఆ కోపాన్ని రోజూ చూస్తున్నది ఆమె ఒక్కతే కాదు. ఈ ఉత్తరం రాసిన మీ కూతురు కూడా చూస్తోంది. రేపు తమ్ముడు ఇంకేదైనా మింగితే మొదట చూసేది ఆ పిల్లే కావచ్చు. చెబితే ఈ ఇంట్లో ఏమవుతుందో ఆ పిల్ల ఇప్పుడే నేర్చుకుంటోంది.

పెద్దమ్మా, మీ చెయ్యి పాపపు చెయ్యి కాదు. మీరు చెప్పకపోతే ఏమయ్యేదో నేను కళ్లారా చూసినదాన్ని. గింజ తీయకుండా పెట్టడం తెలియక జరిగింది, తెలియనిది ఇప్పుడు తెలిసింది.

రేగుపండ్లు ఇంకా కొన్నాళ్లు వస్తాయి. తమ్ముడూ, ఈ ఆదివారం నాలుగు పండ్లు తెచ్చి మీ అమ్మ ముందు పెట్టి, బాబును ఆమె ఒళ్లోనే కూర్చోబెట్టండి. గింజ తీసి, గుజ్జు వేళ్లతో నలిపి, కొంచెం కొంచెంగా నోటికి అందించడం ఇప్పుడు ఆ ఇంట్లో అందరికన్నా ఆమెకే బాగా వచ్చు.